విత్తనాల వావిలోవ్

సంగారెడ్డి, జహీరాబాదు ప్రాంతపు మెట్టపొలాలలో పంట ఇంటికి చేరగానే రైతు ఇల్లాలు చేసే మొదటి పనులలో ఒకటి మంచి కంకులను ఏరి వేరుగా పెట్టడం. ఆ గింజలను బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు పరచి, పేడతో అలికిన బుట్టలో పోసి, పైన మళ్ళీ మట్టి మెత్తి భద్రం చేస్తుంది. ఏడాది పొడుగునా ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ బుట్ట మీద చేయి పడదు. పడినదంటే అది మామూలు ఇబ్బంది కాదు, కరవు అన్నమాట. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన నందన కరవు, 1876-78 నాటి ధాత కరవు మన పెద్దల మాటలలో చాలా కాలం నిలిచినవి. అటువంటి కరవులలో మనుషులతో పాటు, పశువులతో పాటు, విత్తనం కూడా పోతుంది. విత్తనం పోయిన ఊరికి మరుసటి ఏడు వాన వచ్చినా పంట రాదు.

ఆ ఇల్లాలి నియమాన్నే 1941-42 చలికాలంలో లెనిన్‌గ్రాడ్ నగరంలోని ఒక పరిశోధనాలయంలో శాస్త్రజ్ఞులు కొందరు పాటించినారు. నగరం చుట్టూ జర్మను సైన్యం. ఇంట్లో చాలినంత రొట్టె లేదు. ఎదుట అరలనిండా ధాన్యం. ఆ ధాన్యాన్ని ముట్టక వారిలో పలువురు ఆకలితో మరణించినారు. అయిదు ఖండాలు తిరిగి ఆ గింజలను కూడబెట్టించిన మనిషి అప్పటికే మరొక ఊరి చెరసాలలో అదే ఆకలితో కృశిస్తున్నాడు. ఆయన పేరు నికొలాయ్ ఇవానొవిచ్ వావిలోవ్. ఈనాడు పటాన్‌చెరులో లక్షకు పైగా విత్తన నమూనాలను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో దాచి ఉంచిన భాండారానికీ, హోసూరులో పట్టుపురుగు జాతులను కాపాడుతున్న కేంద్రానికీ ఆధారమైన ఆలోచన ఎక్కడ పుట్టినదని వెదుకుతూ పోతే మొదట ఎదురయ్యే మహనీయులలో ఆయన ఒకడు.

వావిలోవ్ 1887వ సంవత్సరం నవంబరు 25వ తేదీన మాస్కోలో పుట్టినాడు. తండ్రి పల్లెటూరి రైతుబిడ్డ. చిన్నతనంలోనే నగరానికి వచ్చి, కష్టపడి బట్టల వ్యాపారంలో పైకి వచ్చినవాడు. కొడుకులు తన వ్యాపారం చేపట్టాలని ఆయన కోరిక. అందుకొరకే వారిని వాణిజ్య పాఠశాలలో చేర్పించినాడు. ఆ కోరిక నెరవేరలేదు. పెద్దవాడు నికొలాయ్ మొక్కల వెంట పడినాడు. చిన్నవాడు సెర్గేయ్ భౌతికశాస్త్రం వెంట పడినాడు. నికొలాయ్ నాలుగైదేండ్ల పసివాడై ఉన్నప్పుడు, 1891-92లో, వోల్గా నదీప్రాంతాన్ని ఘోరమైన కరవు పట్టుకొన్నది. రష్యా దేశంలో ఆ తరం వారెవరూ దానిని మరువలేదు. వ్యవసాయ విద్య చదవబూనిన యువకులలో పలువురికి ఆ కరవే ప్రేరణ అయినదంటే ఆశ్చర్యం లేదు.

1906లో ఆయన మాస్కో వ్యవసాయ విద్యాలయంలో చేరినాడు. పట్టము కొరకు వ్రాసిన మొదటి పరిశోధన పొలాలలో పైరును తినే నత్తజాతి పురుగులను గూర్చినది. పిమ్మట మొక్కలకు సహజంగా ఉండే రోగనిరోధకశక్తి మీద ఆయన దృష్టి నిలిచినది. ఒకే పొలంలో పక్కపక్కన ఉన్న రెండు గోధుమ మొక్కలలో ఒకదానికి తెగులు సోకుతుంది, రెండవదానికి సోకదు. ఎందువల్ల? ఆ రెండవ మొక్క దగ్గర ఉన్న గుణం దాని సంతానానికి వస్తుందా? ఈ ప్రశ్నలతో ఆయన 1913లో ఇంగ్లండుకు వెళ్ళినాడు. అక్కడ విలియం బేట్సన్ దగ్గర కొంతకాలం పనిచేసినాడు. మెండెల్ సూత్రాలను లోకానికి చాటిన ఆచార్యులలో బేట్సన్ అగ్రగణ్యుడు. అనువంశిక శాస్త్రానికి ఇంగ్లీషులో పేరు పెట్టినది కూడా ఆయనే. యూరపు యుద్ధం మొదలు కావడంతో వావిలోవ్ స్వదేశానికి తిరిగి వచ్చినాడు.

ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది 1916 నాటి పారశీక ప్రయాణం. ఆ సరిహద్దులో ఉన్న రష్యను సైనికులు స్థానికంగా దొరికే రొట్టె తిని మత్తెక్కి పడిపోతున్నారు. కారణం కనిపెట్టమని ప్రభుత్వం ఈ యువకుణ్ణి పంపినది. గోధుమలో కలిసిన ఒక విషపు కలుపుగింజ, బూజు రోగం దీనికి కారణమని ఆయన తేల్చినాడు. దారిలో ఆయన సామానులో ఇంగ్లీషు, జర్మను పుస్తకాలు చూచి రష్యను సైనికులే గూఢచారి అని అనుమానించి నిర్బంధించినారు. కొద్దిరోజులకు విడిచిపెట్టినారు. ఆ నేరారోపణ ఇరవైనాలుగేండ్ల తరువాత మళ్ళీ ఆయన మీదికి వస్తుందని, అప్పుడు విడుదల ఉండదని ఎవరూ ఊహించి ఉండరు.

పారశీకం నుండి ఆయన పామీరు పర్వతాలలోకి సాగినాడు. కొండచరియలకు కర్రలు గుచ్చి, వాటి మీద కొమ్మలు పరచి వేసిన ఇరుకు బాటలు, కింద అగాధం. ఆ ప్రయాణంలో ఆయన కన్నుపడిన విషయం చాలా చిన్నది. అడుగున, లోయలలో, రైతులు గోధుమ చల్లుతున్నారు. ఆ చేనులో అక్కడక్కడ రై అనే ధాన్యపు మొక్కలు కలుపుగా మొలుస్తున్నవి. కొండ ఎక్కేకొద్దీ కలుపు ఎక్కువవుతున్నది, గోధుమ తక్కువవుతున్నది. ఇంకా పైకి వెళ్ళితే చేనంతా రై మొక్కలే. ఆ రైతు చల్లినది గోధుమే! చలి గోధుమను చంపినది. రై చలికి తట్టుకొన్నది. నిలిచినదానినే రైతు కోసుకొన్నాడు, మరుసటి ఏడు దానినే చల్లినాడు. ఉత్తర యూరపులో కోట్ల మందికి రొట్టె పెట్టిన ధాన్యం ఒకప్పుడు ఎవరూ కోరని కలుపుమొక్క అని ఆ కొండబాట ఆయనకు నేర్పినది. ఏ గింజ ఎప్పుడు పనికివస్తుందో ముందుగా చెప్పలేమన్న జ్ఞానం ఆయనకు పుస్తకాలలో దొరికినది కాదు.

1917లో సరాతోవ్ నగరంలో ఆచార్యపదవి దొరికినది. వోల్గా ఒడ్డున ఉన్న ఆ ఊరిలోనే, విప్లవమూ అంతర్యుద్ధమూ నడుమ, ఆయన తన ప్రసిద్ధ సిద్ధాంతాన్ని రూపొందించి 1920 జూన్‌లో ఒక మహాసభలో వెల్లడించినాడు. దాని సారాంశం కఠినమైనది కాదు. గోధుమలో మీసాలున్న కంకి, మీసాలు లేని బోసి కంకి రెండూ ఉన్నవనుకొందాము. గోధుమకు చుట్టమైన బార్లీలోనూ, రై ధాన్యంలోనూ కూడా అదే వరుసలో భేదాలు ఉండి తీరాలి. ఒకచోట కనిపించకపోతే అది లేదని కాదు, ఇంకా మనకు దొరకలేదని అర్థం. మూలకాల పట్టికలో ఖాళీ గళ్ళు వదలిపెట్టి, ఇక్కడ ఉండవలసినది ముందుముందు దొరుకుతుందని చెప్పిన మెండెలేయెవ్‌తో ఆనాటి శ్రోతలు ఆయనను పోల్చినారు. ఆ పోలిక పూర్తిగా సరి అనలేము. ప్రాణికోటి మూలకాల వలె కట్టుదిట్టంగా నడవదు. అయినా దాని ఫలితం గొప్పది. అంతవరకు దొరికినదానిని పోగుచేసే పనిగా ఉన్న విత్తన సేకరణ, ఫలానా రకం ఎక్కడో ఉన్నదని ఎరిగి వెదికే పని అయినది. ఏడేండ్ల తరువాత ఆయన ఇథియోపియా వెళ్ళినప్పుడు మీసాలు లేని గట్టి గోధుమ నిజంగానే అక్కడ కనిపించినది.

1921లో పెట్రోగ్రాడ్ నగరానికి పిలుపు వచ్చినది. అనువర్తిత వృక్షశాస్త్ర విభాగానికి ఆయన అధిపతి అయినాడు. సెయింట్ ఐజాక్ చౌకులో ఉన్న పాత భవనపు గదులు ఆ విభాగానికి దక్కినవి. ఆ ఏడే వోల్గా ప్రాంతంలో మళ్ళీ కరవు. ఆయన అమెరికాకు వెళ్ళి విత్తనాలు తెచ్చినాడు. అప్పటి నుండి దాదాపు ఇరవైయేండ్ల పాటు ఆయన నడిపిన సంస్థ ప్రపంచంలో మొక్కల సంపదను సేకరించడంలో సాటిలేనిదని పేరు పొందినది. రోజుకు నాలుగైదు గంటలు మాత్రమే నిద్రపోయేవాడని, అనేక భాషలు మాటలాడగలిగేవాడని, సహచరులు ఆయన నడకకు తోడు నిలువలేకపోయేవారని ఆయనను ఎరిగినవారు చెప్పుకొనేవారు.

1924లో అఫ్ఘనిస్తానం. అయిదు నెలలలో గుర్రాల మీద సుమారు 5,000 కిలోమీటర్లు. 1926-27లో మధ్యధరా తీరదేశాలు, పాలస్తీనా, సిరియా, ఇథియోపియా. 1929లో చైనా పశ్చిమభాగం, జపాను, కొరియా. 1930లో మెక్సికో, మధ్య అమెరికా. 1932-33లో దక్షిణ అమెరికా. వెళ్ళినచోటనల్లా ఆయన అంగడివీధికి పోయేవాడు, పిమ్మట రైతు కళ్ళానికి పోయేవాడు. భారతదేశంలో అడుగుపెట్టే అవకాశం మాత్రం ఆయనకు రాలేదు. పొరుగుననే ఉన్న అఫ్ఘను నేలను కాలికింద పెట్టి నడిచిన ఆ మనిషి మన వరిపొలాలను, కందిచేలను చూడకుండానే పోవడం మనకు కొంత వెలితి. అయినా వరికి, కందికి, వంకాయకు, మామిడికి భారతదేశం పుట్టినిల్లని ఆయన గుర్తించినాడు.

పంటల పుట్టినిళ్ళను గూర్చిన ఆయన గ్రంథం 1926లో వెలువడినది. ఒక పంటలో ఎక్కడ ఎక్కువ భేదాలు కనిపిస్తాయో అక్కడే అది మొదట మనిషి చేతికి వచ్చి ఉంటుందని అందులోని వాదం. అట్టి ప్రదేశాలు చాలావరకు కొండసీమలు. తరువాతి పరిశోధకులు ఆయన గీచిన ఎల్లలను సవరించినారు. భేదం ఎక్కువగా ఉన్న ప్రతి చోటూ పుట్టినిల్లు కానక్కరలేదని చూపించినారు. కాని పని జరిపించినది ఆ పటమే. మన మెట్టరైతు ఇంటి సంగతి చూడండి. జొన్న, సజ్జ ఆఫ్రికా ఖండం నుండి వచ్చినవి. శనగ పశ్చిమాసియాది. వేరుశనగ దక్షిణ అమెరికాది. కంది ఒక్కటి ఇంటిపిల్ల. ఇవన్నీ ఏనాడో ఎవరో మూటగట్టుకొని తెచ్చిన గింజలే. వచ్చిన మూటలో నాలుగు గింజలే వచ్చినవి. పుట్టినింట మిగిలిపోయిన చుట్టాలు వేలు. ఇక్కడి పంటకు కొత్త తెగులు వస్తే మందు ఆ చుట్టాల దగ్గర దొరుకవచ్చు. వారు బ్రతికి ఉన్నప్పుడు గదా!

బ్రతికించడమే అసలు కష్టం. 1940 నాటికి ఆ సంస్థలో సుమారు రెండున్నర లక్షల నమూనాలు చేరినవి. ఆనాడు శీతల భాండారాలు లేవు. గింజలు రేకుడబ్బాలలో, మామూలు గదులలో ఉండేవి. గింజ నిద్రపోతున్నట్లు కనిపించినా చావదని కాదు. లోపల తేమ, బయట వేడి కలిసి దానిని నెమ్మదిగా చంపుతాయి. కొన్నేండ్లకు ఒకసారి ప్రతి నమూనానూ మళ్ళీ చల్లి, కొత్త గింజ తీసి డబ్బా నింపవలసినదే. అందుకొరకు దేశం నలుమూలలా క్షేత్రాలు ఏర్పరచినాడు. వరుస తప్పితే రకం పోయినట్లే. సేకరించడానికి ఒక వావిలోవ్ చాలును. కాపాడడానికి ఏటేటా వందల చేతులు కావాలి.

ఇంతలో దేశపు గాలి మారినది. బలవంతపు సమష్టి వ్యవసాయం, దాని వెంట 1932-33 నాటి కరవు వచ్చినవి. ప్రభుత్వానికి వెంటనే ఫలితం చూపించేవాడు కావాలి. ఉక్రెయిను రైతు కుటుంబం నుండి వచ్చిన త్రోఫిమ్ లైసెంకో అట్టివాడు. గింజను ముందుగా తడిపి చలిలో ఉంచితే పైరు గుణమే మారిపోతుందని, ఆ మార్పు సంతానానికి సంక్రమిస్తుందని అతడు ప్రచారం చేసినాడు. చలిలో ఉంచితే కొన్ని పైర్లు త్వరగా పూతకు వస్తాయన్నది నిజమే. అది సంతానానికి వస్తుందన్నది అబద్ధం. వంశసూత్రాలు, జన్యువులు అన్నీ బూర్జువా కట్టుకథలని అతని వాదం. వావిలోవ్ కొత్త వంగడానికి పదేండ్లకు పైగా పడుతుందంటే లైసెంకో రెండు మూడేండ్లు చాలునన్నాడు. ఏలికలకు ఏ మాట రుచిస్తుందో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. లైసెంకోను మొదట ప్రోత్సహించినవారిలో వావిలోవ్ కూడా ఉన్నాడు. పల్లె నుండి వచ్చిన యువకుడు, కష్టజీవి, ప్రయోగాలు చేస్తున్నాడన్న ఉదారభావంతో అతనిని సభలలో మెచ్చుకొన్నాడు. అతని లెక్కలు నమ్మదగినవి కావని గ్రహించి ఎదురు నిలిచేనాటికి ఆలస్యమైనది. ఎదురు నిలిచిన తరువాత మాత్రం వెనుకకు తగ్గలేదు. 1938లో వ్యవసాయ శాస్త్ర పరిషత్తుకు లైసెంకో అధ్యక్షుడైనాడు. ఆ పదవిని 1929లో మొదట అలంకరించినది వావిలోవే. 1939లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. వెళ్ళడానికి అనుమతి రాలేదు. వేదిక మీద ఆయన కుర్చీ ఖాళీగా ఉండిపోయినది.

1940 ఆగస్టు 6. పశ్చిమ ఉక్రెయినులో, కార్పాతియను కొండల పరిసరాలలో ఆయన గింజలు సేకరిస్తున్నాడు. ఒక నల్లని కారు వచ్చినది. మాస్కోలో అత్యవసరమైన పని ఉన్నదని చెప్పి తీసుకొనిపోయినారు. సహచరులు ఆ రాత్రి ఆయన సంచి విప్పి చూస్తే అందులో పైన, ఆ నాడే ఏరిన ఒక పురాతనపు గోధుమరకం ఉన్నది. నెలల తరబడి విచారణ జరిగినది. ఇంగ్లండుకు గూఢచారి అన్నారు, దేశపు వ్యవసాయాన్ని కావాలని చెడగొట్టినాడన్నారు. 1941 జూలై 9న కొద్ది నిమిషాలలో విచారణ ముగించి మరణశిక్ష విధించినారు. శిక్ష అమలుకాక ముందే యుద్ధం మాస్కో దగ్గరికి వచ్చినది. ఖైదీలను తూర్పుకు తరలించినారు. ఆయనను చేర్చిన ఊరు సరాతోవ్. యౌవనంలో తన సిద్ధాంతాన్ని ప్రకటించిన ఊరే. చెరలో ఉండగా ప్రపంచ వ్యవసాయ చరిత్రను గూర్చి ఒక గ్రంథం వ్రాసినాడు. అది ఎవరి చేతికీ రాకుండా నశించినది. వెలుతురు లేని గదిలో తోటి ఖైదీలకు మొక్కల గూర్చి ఉపన్యాసాలు చెప్పేవాడట. 1942లో మరణశిక్షను ఇరవైయేండ్ల కారాగారవాసంగా మార్చినారు. అదే ఏడు లండనులోని రాయల్ సొసైటీ ఆయనను విదేశ సభ్యునిగా ఎన్నుకొన్నది. ఆయన ఎక్కడ ఉన్నాడో వారికి తెలియదు.

ఇటు లెనిన్‌గ్రాడ్‌లో 1941 సెప్టెంబరు 8న ముట్టడి మొదలైనది. నమూనాలలో కొంతభాగాన్ని ఉరల్ ప్రాంతానికి తరలించగలిగినారు. మిగిలినది చౌకులోని భవనంలోనే ఉన్నది. నవంబరు చివరికి పెక్కుమందికి దినానికి దక్కే రొట్టె 125 గ్రాములు. అందులోనూ సగానికి సగం కలితీ. కిటికీ అద్దాలు పగిలినవి, కట్టెలు లేవు, దీపం లేదు. ఎలుకలు గుంపులుగా డబ్బాల మీద పడేవి. గింజలున్న గదులకు తాళాలు వేసి, ఎవరూ ఒంటరిగా లోపలికి పోరాదని తమకు తామే కట్టడి చేసుకొన్నారు. ఆ కట్టడి ఎలుకల కొరకు కాదు.

చలి వారికి రెండు విధాల పరీక్ష పెట్టినది. ఎండిన గింజను చలి ఏమీ చేయదు, పైపెచ్చు కాపాడుతుంది. బంగాళాదుంపల సంగతి అట్లా కాదు, గడ్డకట్టినదంటే కుళ్ళినట్లే. పావ్లోవ్‌స్క్ క్షేత్రంలో ఉన్న దుంపల రకాలను ఫిరంగిగుండ్ల నడుమ త్రవ్వి తెచ్చినవారు కామెరాజ్, వొస్క్రెసెన్‌స్కయ. నేలమాళిగలో ఆ దుంపలు గడ్డకట్టకుండా ఉండడానికి దొరికిన చెక్కముక్కనల్లా కాల్చినారు. తమ గదులు మాత్రం మంచులో ఉన్నవి. తినడానికి సిద్ధంగా ఉన్న దుంపలకు వెచ్చదనం చేకూర్చి తాము ఆకలితో వణికినారు.

వేరుశనగ నమూనాలను చూచుకొనే అలెగ్జాండరు షూకిన్ తన వ్రాతబల్ల ముందు కూర్చొని కూర్చొనే ప్రాణం విడిచినాడు. వరి నమూనాల పాలకుడు ద్మీత్రి ఇవానోవ్ చనిపోయిన తరువాత చూస్తే ఆయన గదిలో వేలకొద్దీ వరిగింజల పొట్లాలు చెక్కుచెదరక ఉన్నవి. ఓట్లధాన్యం చూచిన లీలియా రోదినా, ఔషధమొక్కలు చూచిన క్రీయర్ కూడా ఆ చలికాలపు మృతులలోని వారే. ఒక గిన్నెడు వరి వండుకొంటే ఇవానోవ్ మరికొన్ని రోజులు బ్రతికేవాడు. ఆయన అట్లా చేసి ఉంటే తప్పుపట్టే హక్కు కడుపునిండిన వారికెవరికీ లేదు. నగరంలో పసిపిల్లలు చనిపోతుంటే గింజలు దాచడం న్యాయమా అని అడిగేవారూ ఉంటారు. అది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఆ నమూనాలన్నీ వండినా ముప్ఫై లక్షల మంది ఉన్న నగరానికి ఎన్ని పూటలు వచ్చేవి అన్నది ఒక జవాబు. వారి మనసులో మెదలిన జవాబు ఏదో మనకు తెలియదు. వారు చేసినది తెలుసును.

వావిలోవ్ భార్య ఎలెనా బరూలినా చిరుశనగజాతి పప్పుధాన్యాలలో, ముఖ్యంగా మసూరు పప్పులో, గొప్ప నిపుణురాలు. సరాతోవ్ ఆమె పుట్టిన ఊరు. ముట్టడికి ముందు కుమారునితో ఆమె అక్కడికే చేరినది. భర్త మాస్కో చెరలో ఉన్నాడనుకొని, తమ తిండిలో తగ్గించుకొని, మాస్కోకు పొట్లాలు పంపుతూ వచ్చినది. ఆ పొట్లాలు ఆయనకు చేరలేదు. ఆయన అదే ఊరిలో, కొద్ది మైళ్ళ దూరంలో, 1943 జనవరి 26న మరణించినాడు. వయస్సు యాభైయైదు. ఆకలి వల్ల శరీరం శిథిలమై ఊపిరితిత్తులకు జబ్బు చేసినది. చెరసాల మృతులతో పాటు ఊరి శ్మశానంలో ఉమ్మడి గోతిలో పూడ్చినారు.

తమ్ముడు సెర్గేయ్ 1945లో సోవియట్ విజ్ఞాన పరిషత్తుకు అధ్యక్షుడైనాడు. అన్నను చంపిన ప్రభుత్వం చేతిమీదుగా ఆ గౌరవం తీసుకొని ఆరేండ్లు నడిపి పోయిన ఆ మనిషి మనస్సు ఎట్టిదో ఊహించడం కష్టం. 1955లో వావిలోవ్ మీద మోపిన నేరాలను కొట్టివేసినారు. బరూలినా ఆ తీర్పు వినగలిగినది; 1957లో కన్నుమూసినది. 1967లో ఆ సంస్థకు వావిలోవ్ పేరు పెట్టినారు. 1976లో కుబాను ప్రాంతంలో ఆ సంస్థకు చల్లని విత్తన భాండారం ఏర్పడినది. ఏటేటా చల్లి కాపాడే భారం అప్పటికి గాని తేలికపడలేదు.

మెట్టపంటల కొరకు పటాన్‌చెరులో అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1972లో వెలసినది. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉండడం ఆ తావుకు అమరిన విశేషం. చుట్టుపక్కల మందుల కర్మాగారాలు, రసాయనాల కర్మాగారాలు పెరిగిన ఆ సీమలో ఈ ఆవరణలోని విత్తన భాండారం లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలతో నిండినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు. గింజను 15 డిగ్రీల వద్ద, పొడిగాలిలో నెమ్మదిగా ఆరబెడతారు. వాడుకకు ఇవ్వవలసినది 4 డిగ్రీల గదిలో, తరతరాలకు దాచవలసినది సున్నకు దిగువ 20 డిగ్రీల గదిలో ఉంటుంది. లెనిన్‌గ్రాడ్‌లో మంచు అడగకుండా వచ్చి గింజలను కాపాడినది. ఇక్కడ దక్కను ఎండలో ఆ మంచును విద్యుచ్ఛక్తితో చేసుకోవాలి. ఆఫ్రికా దేశాలలో కొన్ని తమ జొన్నరకాలను పోగొట్టుకొన్నప్పుడు ఇక్కడి నుండి తిరిగి పొందినవి.

గింజ ఇట్లా మాట వింటుంది. మాట వినని ప్రాణులున్నవి. విత్తనం కట్టని అడవి వేరుశనగ జాతులను మొక్కలుగానే కుండీలలో పెంచుకోవాలి. పట్టుపురుగు సంగతి ఇంకా చిక్కు. ధర్మవరం, పోచంపల్లి మగ్గాల మీదికి ఎక్కే పట్టు ఏ పురుగు నుండి వచ్చినదో దాని గుడ్లను పెంపకందారులు విత్తనమనే పిలుస్తారు. కాని ఆ విత్తనం గింజ వలె ఎండదు. నిద్రావస్థలో ఉన్న గుడ్లను చలిపెట్టెలో ఒక ఏడాది దాచవచ్చు, అంతకు మించి సాగదు. మన వేడిదేశపు జాతులలో చాలావాటికి ఆ నిద్ర కూడా లేదు, పది పన్నెండు రోజులకు పగిలిపోతాయి. తెలుగువారు ఎందరో నివసించే హోసూరులో 1990లో వెలసిన కేంద్రం నాలుగు వందలకు పైగా పట్టుపురుగు జాతులను కాపాడుతున్నది. ప్రతి జాతినీ వేరువేరుగా మల్బరీ ఆకు మేపి, గూడు కట్టించి, సీతాకోకలను జతపరచి, గుడ్లు పెట్టించాలి. ఒక తట్టలోని పురుగు మరొక తట్టలో కలిసినా, ఒక్క పంటకు రోగం వచ్చినా జాతి మాసిపోతుంది. వావిలోవ్ క్షేత్రాలలో ఏటేటా జరిగిన శ్రమే ఇది.

ఆ శ్రమను తప్పించడానికి జపానులోనూ, ఇతరత్రానూ శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం చిత్రమైనది. పెట్టిన గుడ్డును గడ్డకట్టిస్తే చచ్చిపోతుంది. దాని పెంకు నీరు చొరనిది, లోపల పచ్చసొన నిండుగా ఉంటుంది, మంచు పలుకుల నుండి కణాన్ని కాచే ద్రవం లోనికి పోదు. అందుచేత గుడ్డును వదలి, ఇంకా గుడ్లు తయారుకాని లేతపురుగు శరీరం నుండి అండాశయాన్ని తీస్తారు. కాపుద్రవంలో నానబెట్టి ద్రవనత్రజనిలో, సున్నకు దిగువ 196 డిగ్రీలలో దాచుతారు. ఆ చలిలో కాలం నిలిచిపోయినట్లే. కావలసినప్పుడు కరగించి, అండాశయం తీసివేసిన మరొక జాతి పురుగులో నాటుతారు. పెంపుడుతల్లి ఆకు తిని పెరుగుతుంది, గూడు కట్టుకొంటుంది, సీతాకోక అవుతుంది. దాని కడుపులో పెరిగిన గుడ్లు మాత్రం పాత జాతివి. మగపురుగు వీర్యాన్ని కూడా ఇదే విధంగా దాచుతారు. చేయి తిరిగినవారికి గాని సాధ్యం కాని పని, నాటినవన్నీ అతుకవు. అందుచేత తట్టలలో పెంపకం ఇంకా మానలేదు.

పటాన్‌చెరులోనూ చలిగది పనిని సగమే తీర్చినది. కొన్నేండ్లకు ఒకసారి గింజలు తీసి మొలకెత్తించి చూస్తారు. మొలక తగ్గిన రకాన్ని యాసంగిలో మళ్ళీ విత్తుతారు. జొన్నకంకి పూతకు రాకముందే దానికి కాగితపు సంచి తొడిగి మూతి బిగిస్తారు, పొరుగు పుప్పొడి పడకుండా. సజ్జకంకులకూ సంచులే. కంది పువ్వు మీద తేనెటీగలు వాలుతాయి గనుక ఆ మొక్కల మీద వలలు కప్పుతారు. పంట చేతికి వచ్చిన పిమ్మట ఒక్కొక్క సంచి మీది అంకెను చీటీతో సరిచూచి, గింజ నూర్చి, ఆరబెట్టి, మళ్ళీ చలిగదికి పంపుతారు.